లోపలి గడియ

టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి కందిపప్పు డబ్బా అడుగున దాచేటప్పుడు విమలకు ఎంత సంతోషం కలిగిందంటే, మూత బిగించాక ఆ డబ్బా పొట్టమీద చిన్నగా దరువు కూడా వేసింది. కొత్త కాపురంలో ఎన్నో ముచ్చట్లుంటాయని చాలామంది చెప్పారు గాని, పగ తీర్చుకోవడంలో ఇంత రుచి ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు. ఖాళీ టార్చిని మళ్ళీ వదిన దిండు పక్కన, గాజు మూతి గోడవైపు ఉండేలా, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు వంకాయలు తరగడానికి కూర్చుంది.

టార్చి వసుమతిది. వసుమతి విమల భర్తకు అక్క. నాంపల్లిలోనే ఒక ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. నలభై దాటిన మనిషి. సన్నంగా, నిటారుగా, కళ్ళద్దాలతో, మడత చెదరని నేతచీరతో ఉంటుంది. ఆమె గదిలోకి వస్తే కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయనిపిస్తుంది విమలకు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ప్రసాద్‌ను పెంచి, చదివించి, బందరు నుంచి వెంటబెట్టుకొచ్చి ఆబిడ్స్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కూర్చోబెట్టింది. విమల పుట్టిల్లు సుల్తాన్ బజార్. అక్కణ్ణించి ఇక్కడికి రిక్షాలో వస్తే తలలోని మల్లెమొగ్గ విచ్చుకునేలోపే వచ్చేయొచ్చు. భాషకు మాత్రం అంతకంటే దూరం ఎక్కువ. ఆమె "గట్ల" అన్నప్పుడల్లా వదిన "అలా" అని దిద్దుతుంది, ఎర్రసిరా లేదన్నమాటే గాని.

ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో, వామన్‌రావు గారిది. కిరాయికిచ్చిన వాటా రెండు గదులూ ఒక వంటిల్లూ. ముందు గదిలో వసుమతి మంచం, రాతబల్ల. లోపలి గది కొత్త దంపతులది. అది ఒకప్పుడు వామన్‌రావు గారి ధాన్యం కొట్టు. అందుకే దాని తలుపుకు గొళ్ళెం బయటివైపే ఉంది. బస్తాలు లోపలినుంచి గడియ వేసుకోవు కదా!

రోజూ రాత్రి, చివరి బండి కూత వేసి వెళ్ళిపోయి సందంతా సద్దుమణిగాక ఆ తలుపు కిర్రుమంటుంది. టార్చి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వసుమతి లోపలికొస్తుంది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు ఎర్రగా కారుతుంది. మంచానికి అటువైపు నుంచి వెళ్ళి, వంగి, తమ్ముడి ముక్కు దగ్గర చెయ్యి తిరగేసి పెడుతుంది. కాసేపు అలాగే ఉండి "ఊఁ" అంటుంది, హాజరు పలికిన పిల్లకు టిక్కు పెట్టినట్టు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది. మొదటిసారి విమల దొంగ అనుకుంది. రెండోసారి వదినకు నిద్దట్లో నడిచే జబ్బేమో అనుకుంది. మూడోసారి అర్థమైంది. అర్థమైన దగ్గర్నుంచీ ఒళ్ళు మండుతోంది.

నిన్న సాయంత్రం ఆఫీసు వదిలాక ప్రసాద్ ఆమెను ఆబిడ్స్‌లో ఇరానీ హోటలుకు తీసుకెళ్ళాడు. చాయ్‌లో ముంచిన బిస్కట్టు నోటిదాకా రాకముందే విరిగి కప్పులో పడిపోతుంటే విమలకు భలే నవ్వు. చెంచాతో దాన్ని వెతికి పట్టుకుంటూ, మాటల మధ్యలో పెట్టినట్టు అడిగింది.

"మీ అక్క రోజూ రాత్రొచ్చి ఏం చూస్తదండి?"

"నీకు మెలకువొచ్చిందా?" అని ప్రసాద్ చెవులు ఎర్రబడేలా నవ్వాడు. "చిన్నప్పట్నుంచీ అంతే. ఒకసారి చూసుకుంటేగాని ఆవిడకి నిద్ర పట్టదు."

"మీరు సచ్చిపోయిన్రేమోనని చూస్తదా?"

"ఛ, ఏం మాటలవి! బతికున్నానా అని చూస్తుంది."

"రెండూ ఒకటే గద!"

"ఒకటెలా అవుతాయి? మా ఆఫీసులో ఆ రెంటికీ వేరువేరు ఫారాలు."

ఎవరైనా వాళ్ళింట్లో అలా నిద్రలో పోయారా అంటే ఒక్కరూ లేరట. వాళ్ళ వంశంలో పోయినవాళ్ళంతా పట్టపగలు, చెప్పాల్సినవన్నీ చెప్పి, ఆఖర్న కాఫీ అడిగి మరీ పోయారట. మరి ఎందుకా భయం? ఎందుకూ లేదు. పగలంతా మూడువందలమంది ఆడపిల్లల్ని కనుసన్నతో నిలబెట్టే మనిషికి చీకటి పడితే ఒకటే ఊహ: తమ్ముడు పడుకున్నవాడు లేవడని.

"సరే, భయపడుతది, పాపం. మరి పక్కన నేనుంట గద. నన్నెందుకు చూడది?"

"నువ్వు బతికే ఉంటావని అక్కకి గట్టి నమ్మకం," అన్నాడు ప్రసాద్.

అతను సరదాకే అన్నాడు. విమల కూడా నవ్వింది. కాని ఇంటికొచ్చేదాకా ఆ మాట పళ్ళలో ఇరుక్కున్న వక్కముక్కలా ఉండిపోయింది. ఈ పొద్దున కాఫీ ఇస్తూ ఇక ఆపుకోలేకపోయింది.

"వదినా, రాత్రి మా గదిల ఎవరో తిరిగినట్లనిపించింది."

"నేనే," అంది వసుమతి కాఫీ ఊదుకుంటూ, దాచాల్సిన పనేమీ లేనట్టు. "వాడు వెల్లకిలా పడుకుంటాడు. అలా పడుకున్నవాళ్ళకి ఊపిరి గొంతులో తట్టుకుంటుంది."

"నాకు తట్టుకోదా?"

వసుమతి కళ్ళద్దాల పైనుంచి చూసింది. "నీకేమిటే, గుండ్రాయిలా ఉన్నావు! సుల్తాన్ బజార్ గాలి తిని పెరిగిన పిల్లవి. కాఫీలో పంచదార తక్కువైంది."

ఆ మధ్యాహ్నమే బ్యాటరీలు కందిపప్పు కిందికి వెళ్ళాయి.

రాత్రి విమల కళ్ళు మూసుకుని, చెవులు తెరుచుకుని పడుకుంది. తలుపు కిర్రుమంది. టిక్కుమంది. మళ్ళీ టిక్కు, టిక్కు. "ఏమొచ్చింది దీనికి?" అన్న గొణుగుడు వినిపించింది. నవ్వు తన్నుకొస్తుంటే విమల పెదవి కొరుక్కుంది. ఇక వెనక్కి వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళలేదు. మంచంకోడు తగిలి "అబ్బా" అనుకుంటూనే ఇటువైపు నుంచే వచ్చి చీకట్లో తడిమింది. సుద్ద వాసన వేసే చెయ్యి దిండు అంచు పట్టుకుని పాకుతూ వచ్చి విమల ముఖం మీద ఆగింది. పొడిగా, వెచ్చగా ఉన్న వేళ్ళు ముక్కు దగ్గరికొచ్చాయి. ముక్కుపుడకకు తగిలాయి.

అంతే, కాలిన పెనం తాకినట్టు చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. విమల మీదుగా వంగి, చీర కుచ్చెళ్ళు ఆమె మోచేతిని ఒరుసుకుంటుండగా, అటువైపు పడుకున్న తమ్ముణ్ణి వెతికి పట్టుకుంది. కాసేపటికి "ఊఁ" అంది. వెళ్ళిపోయింది.

విమల కళ్ళు తెరిచి పైకప్పును చూస్తూ పడుకుంది. ముక్కుదాకా వచ్చిన చెయ్యి! ఇంకొక్క క్షణం ఉంచితే ఆమె ఊపిరి కూడా తగిలేది. ఉంచితే అరిగిపోతుందా ఆ చెయ్యి? దారికి అడ్డమొచ్చిన స్టూలును తప్పించినట్టు తప్పించి వెళ్ళింది. తాను ఆ క్షణాన నిజంగానే పోయి ఉంటే, ఈవిడ శవం మీదుగా వంగి తమ్ముడు బాగున్నాడని చూసుకుని, హాయిగా వెళ్ళి పడుకునేది.

'చెప్తా ఉండు,' అనుకుంది విమల. 'రేపట్నుంచి ఈ గదిలకు ఎట్లొస్తవో చూస్త.'

మర్నాడు వాళ్ళిద్దరూ బయల్దేరగానే జడ వేసుకుని, నైలాన్ చీర కట్టుకుని, సుల్తాన్ బజార్‌లో ఇనుప సామాన్ల దుకాణంలోకి రాణిలా వెళ్ళింది.

"గడియ కావాలె. లోపల్నుంచి వేసేది."

"చిట్కినీయా అమ్మా? గుసల్‌ఖానాకా, తానం జేసే కాడికా?" అన్నాడు దుకాణాయన.

"కాదు."

"కిటికీకా?"

"కాదు, తలుపుకు. లోపలి గదికి," అని విమల ఎందుకో పైటకొంగు సర్దుకుంది.

దుకాణాయనకు అర్థమైంది. ఇక మాట్లాడకుండా లోపలికెళ్ళి, అరచెయ్యంత పొడుగున్న ఇత్తడి గడియ తెచ్చి బల్లమీద పెట్టాడు. "గిది పెట్టిన్రంటె పోలీసొచ్చినా తెరుసుకోది."

పోలీసును ఆపుతుంది సరే, హెడ్మిస్ట్రెస్‌ను ఆపుతుందా అని అడగబోయి నాలుక కరుచుకుంది. గడియ నిజంగా అందంగా ఉంది. పిడి దగ్గర చిన్న మొగ్గ చెక్కి ఉంది. రిక్షాలో కాగితం విప్పి, ఒళ్ళో పెట్టుకుని, కడ్డీని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఖట్ ఖట్‌మని పలికింది. దారిలో పుట్టింటి సందు వచ్చింది. ముఖం అటు తిప్పుకుంది. అమ్మ శంకరమ్మకు ఈ సంగతి తెలిస్తే, 'పెద్దామె నీ మొగనికి కావలి ఉంటె నీకేం నొప్పే?' అని వదిన పక్షమే ఎక్కుతుంది.

ఇంటాయన వామన్‌రావు మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి, విమల పిలిపించిన వడ్రంగి మిస్త్రీ చేతిలో బర్మా చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, నా తలుపుకు బొక్కలు పెడ్తవా? గది అసల్ టేకు. మా నాయన నిలబడి చేయించిండు."

"రాత్రి పిల్లొస్తున్నది మామయ్యా," అంది విమల. ఇంతకంటే మంచి అబద్ధం తోచలేదు.

"పిల్లా? మా ఇంట్ల పిల్లేడిది?"

చాటలో బియ్యం ఏరుకుంటున్న ఆయన భార్య ప్రభావతి తలెత్తకుండానే అంది: "ఉన్నది లెండ్రి, కండ్లద్దాలు పెట్టుకునే పిల్లి. మీరు జర ఊకుండ్రి. కొత్తగ లగ్గమైన పిల్లలు లోపలుండేది, జొన్న బస్తాలు గావు."

వామన్‌రావు కుర్చీని అవతలివైపు తిప్పుకుని కూర్చున్నాడు. విమల సిగ్గుతో గదిలోకి పరుగెత్తింది. ఒక కన్ను మాత్రం మిస్త్రీ మీదే ఉంచింది. అతను తలుపు మీద గడియ ఆనించి పెన్సిల్‌తో చుక్కలు పెట్టాడు. బర్మా తాడు లాగుతుంటే పాత టేకులోంచి ఎర్రటి పొడి సన్నగా రాలింది. గదంతా ఒక తీయని ఘాటు వాసన. ఉలితో ద్వారబంధంలో గాడి తొలిచాడు. మరలు బిగించి, కడ్డీ తోసి చూపించాడు. విమల తోసింది. తీసింది. మళ్ళీ తోసింది.

"అరిగిపోతదమ్మా," అన్నాడు మిస్త్రీ.

సాయంత్రం వసుమతి బడినుంచి వచ్చేసరికి విమల వంటింటి గుమ్మంలో సిద్ధంగా ఉంది. పొద్దున్నుంచి జవాబులు కూర్చుకుంటోంది. 'ఇదెందుకు?' అంటే ఒకటి, 'నన్నడగలేదేం?' అంటే ఒకటి. ఏడిస్తే ఏమనాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. వసుమతి గొడుగు మూలకు పెట్టి, చెప్పులు విడిచి, తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని గడియను చూసింది. చూపుడువేలితో దాని పొడుగునా ఒకసారి రాసింది.

"ఇత్తడిదా?"

"ఔ... అవును వదినా."

"ఇనపది వేయించాల్సింది. ఇత్తడి రోజూ తోమితేగాని మెరవదు. కాఫీ పెట్టావా?"

పొద్దుటినుంచి కూర్చిన జవాబుల్లో కాఫీకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. విమల వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ప్రసాద్ వచ్చి చూసి, "అక్క చూసిందా?" అన్నాడు గుసగుసగా.

"చూసిన్రు."

"ఏమంది?"

"ఇనుపదైతే బాగుండేదన్నరు."

అతను తల గోక్కున్నాడు. అక్క గదివైపు ఒకసారి, గడియవైపు ఒకసారి చూశాడు. తలుపు మూసి కడ్డీ తోశాడు. తీశాడు. మళ్ళీ తోశాడు. అప్పుడు అతని ముఖం మీద నవ్వు మెల్లగా, చెవుల దగ్గర మొదలై మధ్యకు వచ్చింది. అరిగిపోతుందని విమల చెప్పలేదు.

చివరి బండి వెళ్ళిపోయింది. ప్రసాద్ నిద్రపోయాడు. విమల మాత్రం తన విజయాన్ని కళ్ళారా, చెవులారా అనుభవించాలని మేలుకునే ఉంది. బయట అడుగుల చప్పుడైంది. తలుపు మీద చెయ్యి ఆనిన చప్పుడు. ఒక్క తోపు, అంత గట్టిదేమీ కాదు. కడ్డీ గాడిలో టక్కుమంది. తలుపు కదల్లేదు.

విమల దిండు అంచు పళ్ళతో పట్టుకుంది. ఇప్పుడు పిలుస్తుంది. 'ప్రసాదూ' అంటుంది. దగ్గుతుంది. తలుపు తడుతుంది. అప్పుడు తాను నిద్రమత్తు గొంతు పెట్టి, 'మేమిద్దరం బతికే ఉన్నం వదినా, మీరు పోయి పండుకోండ్రి' అనాలి. ఆ 'ఇద్దరం' మీద ఎంత బరువు వేయాలో కూడా అనుకుని పెట్టుకుంది.

బయటినుంచి పిలుపు రాలేదు. అడుగులు వెనక్కి వెళ్ళాయి. నవారు మంచం కిర్రుమంది. తర్వాత ఏమీ లేదు.

పొద్దున వసుమతి విచిత్రంగా ఉంది. ఉప్మా రెండోసారి అడిగి వేయించుకుంది. జడ అల్లుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఆమె గొంతులో రాగం ఉందని విమలకు ఇంతవరకూ తెలియదు.

"ఎంత నిద్ర పట్టిందే విమలా రాత్రి! గడియారం గంటలు కూడా వినపడలేదు. ఇలా పడుకుని ఎన్నేళ్ళయిందో."

"మంచిగైంది వదినా," అంది విమల తీయగా. ఓడిపోయినవాళ్ళు అలాగే అంటారు అనుకుంది. పగలంతా ఆ గెలుపును నాలుక మీద పెట్టుకుని చప్పరించింది. చింతపండు రాసి గడియను తోమింది. అయినా ఎక్కడో వెలితి. ఎదుటివాళ్ళు అబ్బా అనకపోతే అది పగ ఎలా అవుతుంది? కొట్టిన దెబ్బ దూదిబస్తా మీద పడ్డట్టుంది.

రెండోరాత్రి ఆమె కావాలని మేలుకోలేదు. హాయిగానే నిద్రపోయింది. కాని టార్చి వచ్చే వేళకు, ఎవరో తట్టి లేపినట్టు, తనంతట తనే కళ్ళు తెరిచింది. తలుపువైపు చెవి పెట్టింది. అడుగుల చప్పుడు లేదు. తోపూ లేదు. రాదన్నమాట. పోనీ, పీడా పోయింది, అనుకుని ఇటు తిరిగింది.

అప్పుడు వినపడింది, లేక వినపడకుండా పోయింది. ప్రసాద్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సన్నటి గురక వచ్చి, పోయి, వచ్చి, ఆగిపోయింది.

విమల ఎదురుచూసింది. రాలేదు. ఆమె గుండె ఒక్కటే కొట్టుకుంటోంది, ఆ గదిలో చప్పుడు చేసే వస్తువు అదొక్కటే అయినట్టు. కోఠీ కాలేజీలో తర్కం చదువుకున్న రోజుల్లో పిల్లలంతా పాటలా వల్లించిన ముక్క గుర్తొచ్చింది. మనుషులందరూ మరణించేవారే. ప్రసాద్ మనిషి. కనుక... మూడో ముక్కను మనసు పలకబోతుంటే గట్టిగా దాని నోరు మూసింది. చెయ్యి తిరగేసి అతని ముక్కు కింద పెట్టింది.

గొంతులో చిన్న చప్పుడై, వెచ్చటి ఊపిరి ఆమె వేళ్ళ మీద పడింది. గురక మళ్ళీ మొదలైంది, మధ్యలో ఏమీ జరగనట్టే.

విమలకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఛీ, వదిన పిచ్చి తనకంటుకుందా? అటు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆగినట్టనిపించింది. మళ్ళీ చూసింది. నీళ్ళు తాగింది. అతన్ని పక్కకు తిప్పింది. అతను ముద్దగా ఏదో అని మళ్ళీ వెల్లకిలా తిరిగాడు. కిటికీ తెల్లబడి, పాలవాడి సైకిలు గంట సందులో వినిపించేసరికి ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని మంచం మీద కూర్చుని ఉంది. కాపలా కుక్కలా, అనుకుంది.

"కళ్ళేమిటే అలా ఉన్నాయి? నిద్ర లేదా?" అంది వసుమతి కాఫీ అందుకుంటూ.

"ఉన్నది. మంచిగనే పండుకున్న."

"వాడు వెల్లకిలా పడుకున్నాడా?"

విమల డికాక్షను గిన్నె మీద మూత సర్దింది.

"గురక వస్తూ వస్తూ ఆగిపోతుంది. ఇక రాదేమో అనిపిస్తుంది. కదూ?" వసుమతి గొంతు తగ్గించింది, ఇద్దరు వంటవాళ్ళు ఒక పాకం గుట్టు మాట్లాడుకుంటున్నట్టు. "గొంతులో టక్కుమంటుంది చూడు, అప్పుడు వస్తుంది."

"మీకు తెలుసు గద, ఎప్పుడైనా వస్తదని! తెలిసినంక ఎందుకు చూస్తరు?"

"ఇప్పుడు నీకూ తెలిసింది కదా. ఇవాళ చూడకుండా పడుకో, చూద్దాం."

వసుమతి లేచి తన మంచం దగ్గరికెళ్ళి, టార్చి తెచ్చి కాఫీగ్లాసు పక్కన పెట్టింది.

"కొత్త బ్యాటరీలు వేయించాను. పాతవి ఏమయ్యాయో ఆ దేవుడికే తెలియాలి. మా బళ్ళో ఎవరైనా బదిలీ మీద వెళ్తే తాళాలూ సామానూ కొత్తవాళ్ళకి అప్పజెప్పి, ఛార్జి ఇచ్చానంటాం. నేనే ఎన్నోసార్లు అనుకున్నాను, వాడి పెళ్ళయ్యాక నీకు అప్పజెప్పేయాలని. చేతులు రాలేదు. నువ్వే లాక్కున్నావు. ఆ గడియ తోసిన రాత్రే ఛార్జి నీకు వచ్చేసింది." ఆమె కళ్ళద్దాల వెనక ఏదో తళుక్కుమంది. "ఇక నాకు నిద్రే నిద్ర. నువ్వు మేలుకో."

విమలకు అప్పుడు అర్థమైంది. ఇనపది వేయించాల్సిందని ఎందుకందో, తలుపు ఒక్కసారే తోసి ఎందుకు వెళ్ళిపోయిందో, ఉప్మా రెండోసారి ఎందుకడిగిందో. కేకలు వేయకుండా, ఒక్క మాట తూలకుండా, ఈ హెడ్మిస్ట్రెస్ తన భయాన్నంతా తలుపు లోపలికి తోసేసి బయట హాయిగా కాళ్ళు చాపుకుంది. విమలే దుకాణంలో గడియ ఏరి కొని తెచ్చి, మిస్త్రీని పిలిపించి, తానే బిగించుకుంది!

ఆ పగలు విమల పట్టిందల్లా పాడుచేసింది. పప్పు మాడింది. ప్రసాద్ చొక్కా గుండీ ఊడదీసి మళ్ళీ కుట్టింది. అతను సాయంత్రం సినిమాకు వెళ్దామన్నాడు. "మీరు పక్కకు తిరిగి పండుకుంటనంటెనే వస్త," అంది. అతనికి ఏమీ అర్థంకాక, అలాగే అని ఒట్టు వేశాడు. సినిమా బాగుంది. విరామంలో తిన్న ఐస్‌క్రీము ఇంకా బాగుంది. కాని వెనక్కి వస్తుంటే రిక్షాలో ఆమె మనసంతా ఒకటే లెక్క: నా నిద్ర తీసుకుని తాను పడుకుంటదా? పడుకుంటదట! నేనూ పోత. టార్చి కండ్లల్లకు కొట్టి, గట్టిగ అడుగుత, 'బతికున్నరా వదినా?' అని. రోజూ అడుగుత.

ప్రసాద్ ఒట్టు నిద్ర పట్టేదాకే నిలిచింది. వెల్లకిలా తిరిగాడు. గురక ఆగింది. విమల చెయ్యి పెట్టి, ఊపిరి తగిలాక, "ఊఁ" అని లేచింది. ఆ "ఊఁ" తన నోట్లోంచే వచ్చిందని గుర్తించి పళ్ళు నూరుకుంది. టార్చి తీసుకుంది. గడియ చప్పుడు కాకుండా లాగింది.

ముందు గది కిటికీలోంచి స్టేషను దీపాల వెలుగు పల్చగా పడుతోంది. వసుమతి గోడవైపు కాక ఇటే తిరిగి పడుకుని ఉంది. కళ్ళద్దాలు లేని ముఖం ఎవరిదో చిన్నపిల్ల ముఖంలా ఉంది. అంత పెద్ద మంచంలో ఇంతే ఉంటుందా ఈవిడ? విమల టార్చి ఎత్తింది. బొటనవేలు మీట మీద పెట్టింది. అడగాల్సిన మాట నోట్లో సిద్ధంగా ఉంది.

కాని గదిలో చప్పుడు లేదు.

విమల వంగింది. గురక లేదు. దుప్పటి కదులుతున్నట్టూ ఉంది, కదలనట్టూ ఉంది. ప్రసాద్ ఊపిరి ఎంతసేపు ఆగుతుందో ఆమెకు తెలుసు, ఎక్కడ టక్కుమంటుందో తెలుసు. ఈమెది తెలియదు. ఈమెకు అసలు గురక వస్తుందా? ఆగితే ఎంతసేపు ఆగుతుంది? ఎవరినడగాలి? అతన్ని అడిగితే చెప్పగలడా? చెప్పలేడు, ఇన్నేళ్ళూ అతను పడుకునే ఉన్నాడు. ఈ మనిషి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసినవాళ్ళు భూమ్మీద ఒక్కరూ లేరు.

టార్చిని మంచం కిందికి దించి, చెయ్యి తిరగేసి పెట్టింది. ఏమీ తగల్లేదు. ఇంకొంచెం దగ్గరగా పెట్టింది. 'వదినా,' అనుకుంది లోపల్లోపలే. 'పగలు గంత మాట్లాడిన్రు గద. లేవండ్రి. నన్ను తిట్టండ్రి. చక్కెర తక్కువైందనండ్రి.'

"నీ చెయ్యేమిటే ఇంత చల్లగా ఉంది?" అంది వసుమతి, కళ్ళు తెరవకుండానే.

విమల చెయ్యి లాక్కోవడం మరిచిపోయింది. మాట వెనకే వెచ్చటి గాలి ఆమె వేళ్ళ మీదుగా పోయింది.

"మీరు... నిద్రే నిద్ర అన్నరు గద!"

"మొదటి రాత్రి నిజంగానే పట్టింది. నిన్నటినుంచి లేదు." దుప్పటి భుజం మీదికి లాక్కుని, "వాడెలా ఉన్నాడు?" అంది.

"ఉన్నరు. ఇప్పుడే చూసిన."

"నువ్వో?"

"నేనా?"

"నువ్వేనే. రెండు రాత్రుల్నుంచి అటు దొర్లీ ఇటు దొర్లీ చస్తున్నావు, మంచం చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. అది ఆగినప్పుడల్లా లేచి కూర్చుంటున్నాను."

విమల ముక్కు ఎగబీల్చి, పైటచెంగుతో తుడుచుకుంది.

"రేపూ వస్తావా?" అంది వసుమతి. అడిగినట్టు కాదు, బడిలో అయితే దాన్ని ఆజ్ఞ అనే అనుకునేవాళ్ళు. కాని చివర్న గొంతు కొంచెం పైకి లేచింది.

"రాకుంటేంది? నా నిద్ర పాడుచేసి మిమ్మల్ని హాయిగ పండుకోనిస్తననుకున్నరా?"

అలా కటువుగా అనేసి కూడా విమల వెంటనే కదల్లేదు. చేతిని అక్కడే ఉంచి, ఇంకొక్క ఊపిరి వచ్చేదాకా నిలబడింది.